నాలుగూ ఇరవై బస్సులో నేర్చుకున్న డాన్సు

నాకు ముక్కు మీద కోపం. ఇది నేను చెప్పుకుంటున్న మాట కాదు, మా ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. ఆ కోపమే లేకపోతే నేను హైస్కూల్ చదువంతా గొర్రెగానే పూర్తి చేసేదాన్ని.

గొర్రె అంటే తిట్టు కాదు. మా బడిలో అదొక వేషం. సిస్టర్లు నడిపే హైస్కూల్ మాది. క్రిస్మస్ సెలవులు ఇచ్చే రోజు మధ్యాహ్నం పెద్ద ప్రోగ్రాం జరుగుతుంది. గ్రౌండులో స్టేజి కడతారు. దాని పక్కనే వెదుళ్లు పాతి, వరిగడ్డి కప్పి పశువుల పాక వేస్తారు. అందులో బాలయేసు, మరియమ్మ, జోజప్ప బొమ్మలు పెడతారు. మాలో సగం మందికి పైగా హిందువుల పిల్లలమే. అయినా ఆ పాకకు గడ్డి మోసేదీ, రంగు కాగితాలతో నక్షత్రాలు కత్తిరించేదీ మేమే. మా అమ్మ దాన్ని బాలయేసు పండగ అనేది. ఆ రోజు నాకు తలస్నానం చేయించి, కొత్త రిబ్బన్లు కట్టి మరీ పంపించేది.

ప్రోగ్రాంలో నాటకం ఉంటుంది, ఫాదర్ ప్రసంగం ఉంటుంది, కేకు ఉంటుంది. కానీ పిల్లల ప్రాణమంతా డాన్సుల మీదే. నవంబరు చివర్లో నోటీసు బోర్డు మీద డాన్సుల లిస్టు అంటించేవాళ్లు. ఆ కాగితం ముందు జరిగే తోపులాట పరీక్షల మార్కులకు కూడా జరిగేది కాదు. అందులో హాస్టల్ పిల్లల పేర్లుండేవి, ఆ ఊళ్లోనే ఇళ్లున్న పిల్లల పేర్లుండేవి. బస్సు పిల్లల పేర్లు మాత్రం ఒక్క ఏడాది కూడా కనిపించలేదు.

కారణం దాపరికమేమీ కాదు. డాన్సు ప్రాక్టీసు సాయంత్రం నాలుగింటికి బడి వదిలాక మొదలయ్యేది. వాకాడు దాటి సముద్రం వైపు వెళ్లే మా బస్సు నాలుగూ ఇరవైకి. అది పోతే మళ్లీ ఏడున్నర దాకా ఇంకోటి లేదు. ఎవరైనా వచ్చి బండి మీద తీసుకెళ్లాలి. డిసెంబరంటే మా వైపు నాట్ల కాలం. మా నాయన చీకటి పడేదాకా మడిలోనే ఉంటాడు. తీరం ఊళ్ల పిల్లల నాయనలేమో చేపల వేట మీద ఉంటారు. బడి రూలు ఒకటే, ప్రాక్టీసుకు ఉండని వాళ్లకు డాన్సు లేదు. అందుకని బస్సు పిల్లలందరినీ కలిపి నాటకంలో గొర్రెల మందగా వాడుకునేవాళ్లు. గొర్రెకు ప్రాక్టీసు అక్కర్లేదు కదా.

ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా నేను గొర్రెనే. పాత బనియన్ మీద మైదా జిగురుతో దూది అంటించి, గంటసేపు మోకాళ్ల మీద కూర్చోబెట్టేవాళ్లు. ఎండకు జిగురు ఎండిపోయి వీపంతా దురద పెట్టేది. కళ్లముందే హాస్టల్ పిల్లలు పట్టు లంగాలు వేసుకుని తిరుగుతుంటే నాకు కడుపు మండిపోయేది. వాళ్ల కంటే నేను బాగా చేస్తానని నాకు తెలుసు. తొమ్మిదో తరగతిలో ముందు వరసలో కూర్చున్న ఒకాయన, "ఇంత పొడుగు గొర్రె యాడిదబ్బా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పదో తరగతిలో మళ్లీ ఈ దూది కట్టుకునేది లేదని ఆ రోజే తీర్మానించుకున్నాను.

పదో తరగతిలో లిస్టు అంటించిన రోజు తిన్నగా పెద్ద సిస్టర్ గదికి వెళ్లాను. బడికి హెడ్‌మిస్ట్రెస్ ఆమే, డాన్సులు చూసేదీ ఆమే. గుంటూరు వైపు మనిషి. గట్టిగా మాట్లాడదు కానీ మాట మార్చదు.

"సిస్టర్, మేము బస్సు పిల్లలం ఏడుగురం ఒక డాన్సు చేస్తాం" అన్నాను.

"ప్రాక్టీసు ఎప్పుడు చేస్తారమ్మా? మధ్యాహ్నం మీకు స్పెషల్ క్లాసులు. సాయంత్రం మీరు ఉండరు."

"మేము చేసుకుంటాం సిస్టర్. మీరు చూడండి. బాగుంటే పెట్టండి, లేకపోతే లేదు."

ఆమె కళ్లజోడు తీసి నన్ను చూసింది. "సరే. మూడు వారాలు టైం ఇస్తున్నాను. గొర్రెల కాపరులు బేత్లెహేముకు వెళ్లే పాట ఉంది కదా, అది చేయండి. ప్రోగ్రాంకు వారం ముందు హాల్లో చూస్తాను. బాగా లేకపోతే నన్ను బతిమాలకూడదు."

ఎప్పుడు చేసుకుంటామో, ఎక్కడ చేసుకుంటామో నాకే తెలియదు. బయటికి వచ్చి నా జోడీకి చెప్పాను. జోడీ అంటే బస్సులో రోజూ నా పక్కన నిలబడే పిల్ల. తీరం ఊరిది, వాళ్ల నాయన బోటు మీద వేటకు పోతాడు. నాకు కోపం ఎంతుందో ఆ పిల్లకు ఓపిక అంత. బస్సు ఎంత ఊగినా కడ్డీ పట్టుకోకుండా నిలబడగలదు.

"యాడ చేస్తాం మే?" అంది.

"నలభై నిమిషాలు బస్సులో ఉత్తినే నిలబడతా ఉండాం కదా" అన్నాను.

అలా మా బస్సే మా ప్రాక్టీసు హాలయింది. స్టెప్పులన్నీ జోడీయే కట్టింది. మా బస్సులో సీటు అనే మాట మాకు వర్తించేది కాదు. నాలుగూ ఇరవైకి ఎక్కేసరికి ఊళ్లో చేపలు అమ్ముకుని తిరిగి వెళ్లే ఆడవాళ్లు, కోర్టు పనులకూ ఆస్పత్రులకూ వచ్చిన వాళ్లు సీట్లన్నీ నింపేసి ఉండేవాళ్లు. మా సంచులు వాళ్ల ఒళ్లో పడేసి, రెండు వరసల మధ్య దారిలో ఒకరి వెనక ఒకరం ఏడుగురం నిలబడేవాళ్లం. కుడిచెయ్యి పై కడ్డీకి. ఎడమచెయ్యికీ, నడుముకూ, కాళ్లకూ మాత్రమే స్టెప్పులు. పెట్రోలు బంకు దాటగానే పాట ఎత్తుకునేవాళ్లం. బడిలో ఫోన్లు తేనివ్వరు కాబట్టి పాడేది కూడా మేమే.

మొదటి రోజు కండక్టర్ అన్న మా మీద విరుచుకుపడ్డాడు. "ఏంది మే మీ గోల? బస్సు అనుకుంటా ఉండారా, మీ బడి స్టేజి అనుకుంటా ఉండారా? టికెట్లు కొట్టేదానికి దారి లేకుండా చేసినారు."

ముందు సీట్లో ఖాళీ గంప ఒళ్లో పెట్టుకుని కూర్చున్న చేపలవ్వ మా తరఫున వకాల్తా తీసుకుంది. రోజూ అదే సీటు ఆమెది. ఆ సీట్లో ఇంకెవరైనా కూర్చుంటే లేపేస్తుంది. "ఎగరనీయబ్బా. పొద్దన్నించి అరిచి అరిచి నా గొంతు పోయింది. కాసేపు ఈ పిల్లోళ్లని చూస్తే నీ సొమ్మేం పోయింది?" అంది. కండక్టర్ అన్న నోరు మూసుకుని వెనక నుంచి టికెట్లు కొట్టుకుంటూ వచ్చాడు. ఆమె నోటికి జడవని వాళ్లు ఆ బస్సులో లేరు.

తరఫున మాట్లాడిందని సంతోషించినంతసేపు పట్టలేదు, మమ్మల్ని దిద్దడం మొదలుపెట్టింది. "ఆ చివరి పిల్ల కాలు లేపతా ఉందా, దోమను తోలతా ఉందా?" అనేది. "నువ్వు మే, పొడుగుదానా, మొకం అట్ట గంటు పెట్టుకుంటే దేవుడి కాడికి పోతా ఉన్నట్టు లేదు, తగాదాకు పోతా ఉన్నట్టుంది" అని నన్నే అనేది. బస్సంతా నవ్వేది. నాకు ఒళ్లు మండేది కానీ మర్నాడు నవ్వుతూ చేసేదాన్ని. వారం తిరిగేసరికి బస్సులో వాళ్లకు పాట నోటికొచ్చేసింది. మేము ఒక్క రోజు పాడకపోతే, ఏం ఇయ్యాల లేదా అని డ్రైవరన్న కూడా అద్దంలోంచి చూసేవాడు.

మేము చేసిన తప్పు మాకు తెలియలేదు. పాట మా నోట్లోనే ఉంది కాబట్టి బస్సు నెమ్మదిస్తే పాటనూ నెమ్మదింపజేసేవాళ్లం, బస్సు ఊపందుకుంటే మేమూ ఊపందుకునేవాళ్లం. రొయ్యల గుంటల దగ్గర పెద్ద మలుపుంది. అక్కడ ఏడుగురం ఎడమకు ఒరిగేవాళ్లం. రెండో చరణంలో, కాపరులకు నక్షత్రం కనిపించే మాట దగ్గర సరిగ్గా స్పీడ్ బ్రేకర్ వచ్చేది. మా రోడ్డు మీద అంత ఎత్తు స్పీడ్ బ్రేకర్ ఇంకోటి లేదు. కడుపులో పేగులు కదలకుండా ఉండాలంటే ముందే మోకాళ్లు వంచి, బస్సుతో పాటు ఒక్క ఎగురు ఎగరాలి. మూడు వారాలు రోజూ అక్కడే ఎగిరి ఎగిరి అది కూడా డాన్సులో భాగమైపోయింది. ఇప్పుడు నేను తడ దగ్గర ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. కంపెనీ బస్సులో మెత్తటి సీట్లుంటాయి. అయినా స్పీడ్ బ్రేకర్ కనిపిస్తే నా మోకాళ్లు వాటంతటవే వంగుతాయి.

హాల్లో చూపించే రోజు వచ్చింది. అన్నం బెల్లు తర్వాత ఏడుగురం వరసలో నిలబడ్డాం. హాస్టల్ పిల్లలు కిటికీల దగ్గర మూగారు. సిస్టర్ పెన్ డ్రైవ్ పెట్టి పాట వేసింది.

మొదటి నాలుగు మాటలు బాగానే గడిచాయి. తర్వాత పాట తన దారిన తను పోయింది, మేము మా రోడ్డున మేము పోయాం. పెట్టెలో పాటకు బ్రేకులు లేవు. మలుపు దగ్గర ఏడుగురం ఒకేసారి ఎడమకు ఒరిగితే చివరి పిల్ల గోడకు తగిలింది. కుడిచెయ్యి సంగతి చెప్పక్కర్లేదు. పట్టుకోవడానికి ఏమీ లేకపోయినా ఏడు చేతులూ పిడికిలి బిగించి నెత్తి మీదే ఉన్నాయి. దించాలని నేను ప్రయత్నించాను, దించితే కాళ్లు తడబడ్డాయి. రెండో చరణంలో నక్షత్రం మాట దగ్గర ఏడుగురం దబ్బున ఎగిరాం. కిటికీల దగ్గర నవ్వులు మొదలయ్యాయి.

సిస్టర్ పాట ఆపింది. "ఆ చెయ్యి ఎందుకమ్మా అలా పైనే ఉంచారు? అక్కడ ఎందుకు ఎగిరారు?"

జోడీ నా మోచెయ్యి గిల్లింది. నేను దాచుకోలేకపోయాను. "అక్కడ స్పీడ్ బ్రేకర్ ఉంటాది సిస్టర్" అన్నాను.

నవ్వులు రెట్టింపయ్యాయి. సిస్టర్ మాత్రం నవ్వలేదు. దగ్గరికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. "చాలా కష్టపడ్డారు తల్లీ. కానీ దీన్ని స్టేజి మీద పెట్టలేను. జనం నవ్వుతారు. మిమ్మల్ని చూసి నవ్వితే నాకు బాధగా ఉంటుంది" అంది. బతిమాలకూడదని ముందే అంది కాబట్టి బతిమాలలేదు. మరుగుదొడ్ల వెనక్కి పోయి ఏడ్చాను. బాధతో కాదు, కోపంతో.

ఆ సాయంత్రం బస్సులో మేము పాడలేదు. పెట్రోలు బంకు దాటింది, రొయ్యల గుంటలు దాటాయి. చేపలవ్వ వెనక్కి తిరిగి, "ఏంది మే, నోట్లో నీళ్లు పోసుకున్నారా?" అంది. జరిగింది జోడీ చెప్పింది. అవ్వ అంతా విని గంప సర్దుకుంది.

"ఆమె మన బస్సు ఎప్పుడన్నా ఎక్కిందా?"

"యాడ ఎక్కుతాది అవ్వా, వాళ్లకు వ్యాను ఉండాది."

"అయితే ఒకసారి ఎక్కమను. ఎక్కినాక చెప్పమను ఆ చెయ్యి ఎందుకు పైకి పెట్టినారో."

అవ్వ ఏదో మాటవరసకు అంది. నేను మాత్రం మర్నాడు ప్రార్థన అయీ కాకముందే సిస్టర్ గది ముందు నిలబడ్డాను. "నేను బతిమాలేదానికి రాలేదు సిస్టర్. మీరొకసారి మా బస్సు ఎక్కి చూడండి. చూసినాక వద్దంటే నేనే దూది అంటించుకుంటాను" అన్నాను. మాట కాస్త దురుసుగానే వచ్చింది. జోడీ తలుపు వెనక నిలబడి దండం పెడుతూ ఉంది, ఎవరికో తెలియదు. సిస్టర్ గోడ గడియారం వైపు చూసింది. తర్వాత, "ఎన్నింటికి అన్నావు మీ బస్సు?" అని అడిగింది.

ఆ సాయంత్రం నాలుగూ ఇరవైకి తెల్లచీరతో సిస్టర్ మా బస్సు ఎక్కేసరికి ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లు కూడా లోపలికి సర్దుకున్నారు. కండక్టర్ అన్న గబగబా ఒకాయన్ని లేపి, "కూచోండి సిస్టర్ గారూ" అన్నాడు.

"వద్దు బాబూ. పిల్లలు ఎక్కడ నిలబడతారో నేనూ అక్కడే నిలబడతాను" అని మా వరసలో ఎనిమిదోదిగా, చేపలవ్వ సీటు పక్కనే నిలబడింది. కడ్డీ ఆమెకు అందీ అందనట్టుంది. ఇంకో చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

పెట్రోలు బంకు దాటగానే పాట ఎత్తుకున్నాం. రెండో మాట నుంచి బస్సంతా అందుకుంది. చేపల ఆడవాళ్లు గంపల మీద దరువు వేశారు. మలుపు దగ్గర మేము ఒరిగితే సిస్టర్ కూడా ఒరిగింది, వద్దనుకున్నా ఆగేది కాదు కదా. రెండో చరణం వచ్చింది. నక్షత్రం మాట దగ్గర మేము ఏడుగురం మోకాళ్లు వంచి ఎగిరాం. ఆ సంగతి తెలియని సిస్టర్, కడ్డీ నుంచి చెయ్యి జారి, నేరుగా పోయి చేపలవ్వ ఒళ్లో కూలబడింది. గంప కింద పడి దొర్లిపోయింది.

బస్సులో పాట ఆగిపోయింది. అవ్వ మాత్రం సిస్టర్ నడుము చుట్టూ చెయ్యి వేసి భద్రంగా పట్టుకుని, "ఇప్పుడు తెలిసిందా తల్లీ ఎందుకు ఎగరతారో" అంది.

సిస్టర్ నవ్వింది. ఐదేళ్లలో ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుని, అవ్వ ఒళ్లోంచి లేచి, మళ్లీ కడ్డీ పట్టుకుంది. "మొదటినించి పాడండి" అంది. బస్సు సముద్రం దాకా వెళ్లి తిరిగి బడి ఉన్న ఊరికే వస్తుంది కాబట్టి ఆమె మళ్లీ దాంట్లోనే వెనక్కి వెళ్లాలి. మా ఊళ్లో నేను దిగేటప్పుడు కిటికీలోంచి చెప్పింది. "పెన్ డ్రైవ్ వద్దు, మీరే పాడండి. పాకకు తెచ్చిన వెదుళ్లలో పొడుగుది ఒకటి తీసి దాన్ని కడ్డీ చేసుకోండి. కాపరులు బేత్లెహేముకు మీ బస్సులోనే వెళ్తారు. అందరికంటే చివర పెడతాను, అది గౌరవం." ఇంటికి నడిచి వెళ్లలేదు నేను, పరుగెత్తాను. మడిలో ఉన్న అమ్మకు గట్టు మీద నుంచే అరిచి చెప్పాను.

ప్రోగ్రాం రోజు అమ్మ నాట్లు మానుకుని వచ్చింది. మా బస్సు ఊళ్లవాళ్లు చాలామంది వచ్చారు. మేము ఏడుగురం తలకు తువ్వాళ్లు చుట్టుకుని, భుజాన గొంగళ్లు వేసుకుని కాపరులమయ్యాం. అంతా బాగుంది, ఒక్క టైం తప్ప. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన మైకు పట్టుకుని వదల్లేదు. తను చదువుకున్న రోజుల నుంచి మొదలుపెట్టి, ఇంటర్‌లో చేరిన కథ దాకా వచ్చేసరికే రెండున్నర అయింది. తర్వాత నాటకం. తర్వాత హాస్టల్ పిల్లల డాన్సులు రెండు. గౌరవమని మమ్మల్ని చివర పెట్టిన సిస్టర్, చివర అంటే నాలుగూ ఇరవై అవుతుందన్న సంగతి మళ్లీ మరిచిపోయింది.

నాలుగూ పది అయింది. ఇంకో డాన్సు ఉంది. గ్రౌండులో మా ఊళ్లవాళ్లు కుర్చీల్లోంచి ఒక్కొక్కరే లేవడం స్టేజి పక్క నుంచి కనిపించింది. సంచులు తీసుకున్నారు, చంటిపిల్లలను భుజాన వేసుకున్నారు. అమ్మ నాకు చెయ్యి ఊపుతూ వచ్చింది. "బస్సు పోతే యాడ పడి ఉంటాం మే? ఊరు దాపు కాదు. రా, పోదాం" అంది. అమ్మ మాటలో తప్పు లేదు. నాట్లకు కూలోళ్లు పొద్దున్నే వస్తారు.

"పోదాం మే. ఏం చేస్తాం" అంది జోడీ కూడా. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"నేను రాను" అన్నాను. అప్పుడే గేటు బయట రోడ్డు మీద మా బస్సు హారన్ వినిపించింది. ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. తలపాగా, గొంగళి అన్నీ అలాగే ఉండగా కుర్చీల మధ్య నుంచి పరుగెత్తి, గేటు దాటి, రోడ్డు మీదికి పోయి బస్సుకు అడ్డంగా నిలబడ్డాను.

డ్రైవరన్న బ్రేకు వేశాడు. కండక్టర్ అన్న కిందికి దిగాడు. "ఏంది మే ఈ వేషం? చావాలని ఉందా?"

"పది నిమిషాలు ఆపన్నా. మాది ఇంకా అవలేదు. మీరు పోతే మావాళ్లంతా వచ్చేస్తారు, మేమూ రావాలి. ఐదేళ్లనించి ఉండాం అన్నా ఈ బడిలో."

కండక్టర్ అన్న టైం చూసుకున్నాడు. "నాది డ్యూటీ మే. బస్సులో జనం ఉండారు. నా ఇష్టమా?" అన్నాడు. అన్నాడే కానీ ఎక్కలేదు, అక్కడే నిలబడ్డాడు.

అప్పుడు ముందు తలుపులోంచి గంప దిగింది, దాని వెనక చేపలవ్వ దిగింది. "నేను దిగతా ఉండాను. నన్ను వదిలిపెట్టి పోతావా, పో చూద్దాం" అంది అతనితో. ఆమె వెనక ఇంకో ఆమె దిగింది. ఆస్పత్రి కవరు పట్టుకున్న ముసలాయన దిగాడు. రెండు నిమిషాల్లో బస్సు ఖాళీ అయిపోయింది. డ్రైవరన్న ఇంజను ఆపేసి, తాళం జేబులో వేసుకుని, "నేను కూడా చూడాల" అని దిగాడు.

బస్సు జనమంతా గేటులోంచి వస్తుంటే లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు. అమ్మ కూర్చుంది. మాకు ముందున్న డాన్సు అయిపోయి మా వంతు వచ్చింది. స్టేజి మీద జోడీ, ఇంకో పిల్ల వెదురును చెరో చివర పట్టుకుని నెత్తి మీదికి ఎత్తారు. మిగతా ఐదుగురం కుడిచెయ్యి కడ్డీకి వేశాం. సిస్టర్ మైకులో, "కాపరులు బేత్లెహేముకు బయల్దేరుతున్నారు" అని చెప్పి తప్పుకుంది. ఎవరు ముందు ఎత్తుకోవాలో తెలియక ఒక్క క్షణం ఆగిపోయాం. అందరికంటే వెనక, టికెట్ మిషను మెళ్లో వేసుకుని నిలబడిన కండక్టర్ అన్న గొంతెత్తి, "రైట్ రైట్" అన్నాడు.

గ్రౌండంతా గొల్లున నవ్వింది. మేము ఎత్తుకున్నాం. హాల్లో ఏ తప్పులకు నవ్వారో అవే తప్పులు, ఒక్కటీ దిద్దలేదు. కడ్డీ పట్టుకున్న చెయ్యి పైనే ఉంది. రొయ్యల గుంటల మలుపు రాగానే వెదురుతో సహా ఎడమకు ఒరిగాం. మా ఊళ్లవాళ్లకు అది ఏ మలుపో చెప్పక్కర్లేకపోయింది. "గుంటలు, గుంటలు" అని అరిచారు. హాస్టల్ పిల్లలకు అర్థం కాలేదు కానీ చప్పట్లు కొట్టారు. జనం మా పాట అందుకున్నారు. ఇది నన్ను చూసి నవ్వే నవ్వు కాదని నాకు తెలుస్తూ ఉంది. రెండో చరణం వచ్చింది. నక్షత్రం మాటకు ముందు మేము పాట నెమ్మది చేశాం, మోకాళ్లు వంచాం. కుర్చీల్లో మా బస్సు వాళ్లందరూ కూడా ముందుకు వంగడం కనిపించింది. మేము ఎగిరాం. వాళ్లూ ఎగిరారు. అమ్మ ఎగిరింది, అవ్వ గంప పట్టుకుని ఎగిరింది, డ్రైవరన్న ఎగిరాడు. మొదటి వరసలో ఒక్క సిస్టర్ కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, మా అందరి కంటే ఎత్తు ఎగిరింది.

అంత ఆనందం నాకు మళ్లీ ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు. ఒన్స్‌మోర్ అన్నారు, ఇంకోసారి చేశాం. కండక్టర్ అన్న కూడా వద్దనలేదు.

స్టేజి దిగబోతుంటే సిస్టర్ మమ్మల్ని ఆపి మైకు తీసుకుంది. "ఇన్నేళ్లు బస్సు పిల్లలు ప్రాక్టీసుకు ఉండరని చెప్పాను. ఉండలేరని నేను తెలుసుకోలేదు. అది నా తప్పు. ఇకమీదట ఈ బడిలో డాన్సు ప్రాక్టీసు మధ్యాహ్నమే, అందరికీ కుదిరే టైంలోనే. నాలుగింటి తర్వాత ఎవ్వరినీ ఆపను" అంది. గెలిచినందుకు ఎగిరి గంతెయ్యాల్సింది పోయి, నేను మైకు ముందే ఏడ్చేశాను. ఇంత చిన్న మార్పుకు నా ఐదేళ్లు పట్టాయి కదా అనిపించింది. సిస్టర్ కూడా ఏడుస్తోందని చూశాక నా ఏడుపు ఆగిపోయింది.

బస్సు ముప్పావుగంట ఆలస్యంగా కదిలింది. ఎప్పటిలాగే అందరూ సీట్లు నింపేశారు, ఎప్పటిలాగే మేము ఏడుగురం దారిలోకి నడిచాం. నేను కడ్డీ మీద చెయ్యి వెయ్యబోతుంటే ముందు సీట్లోంచి చేపలవ్వ లేచింది. గంప చంకన పెట్టుకుని నా చెయ్యి పట్టుకుని లాగింది.

"కూచో మే. ఇయ్యాల నువ్వు నిలబడబాకు."

ఆ వెనక సీట్లోంచి ఇంకొకామె లేచి జోడీకి చోటిచ్చింది. ఆస్పత్రి కవరు ముసలాయన లేవబోతే మేమే వద్దని కూర్చోబెట్టాం. ఏడుగురికీ సీట్లు దొరికాయి. పెట్రోలు బంకు దాటేసరికి పెద్దవాళ్లంతా కడ్డీలు పట్టుకుని నిలబడి ఉన్నారు, మేము కూర్చుని ఉన్నాం. అవ్వకు మోకాళ్ల నొప్పులని నాకు తెలుసు. అయినా ఆ రోజు మొహమాటపడలేదు. మా ఊరు వచ్చేదాకా కూర్చునే వచ్చాను.